తూములోంచి తిరిగొచ్చిన పువ్వులు

నీళ్ళ కాలం. ఎంగిలి పువ్వుల రోజు, బతుకమ్మ మొదటి రోజు.

గదికొక డైరీ ఉండాలని కమిటీ తీర్మానించింది. నీళ్ళ పెద్ద ఓదెలన్న పాత హాజరు పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పడేసి, "ఏ రోజు ఏం పాత సామాను వాడినవో, పిల్లలు ఏం చేసిన్రో రాయి రాజవ్వా" అన్నాడు. పందొమ్మిది మంది పిల్లలున్న గదిలో రాయడానికి తీరిక ఎక్కడ దొరుకుతుందో కూడా తీర్మానించి ఉంటే ఇంకా బాగుండేది.

సరే, రాస్తున్నా. ఇది తొమ్మిదో లెవెల్ బాలవాడి. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు. పైన ఎండకు తాళలేక మేం ఈ పాత బొగ్గుగనిలోకి దిగి ముప్ఫై ఏళ్ళయింది. పిల్లలు ఇక్కడే పుట్టారు. వాన చూడలేదు, పువ్వు చూడలేదు. పైన వానలు పడితే ఇక్కడ గోడలు చెమరుస్తాయి, కాలువ చప్పుడు మారుతుంది. దాన్నే నీళ్ళ కాలం అంటాం. నీళ్ళ కాలం వస్తే బతుకమ్మ వచ్చినట్టే.

ఈ రోజు తంగేడు పువ్వులు చేశాం. గంజిపొడి ప్యాకెట్లు పసుపుపచ్చగా ఉంటాయి కదా, వాటిని కడిగి, ఆరబెట్టి, వేలెడు వెడల్పు పట్టీలుగా కోస్తాం. పట్టీని ఐదు మడతలు పెట్టి, కింద కుడివైపుకు మెలి తిప్పితే ఐదు రెక్కల పువ్వు. మేం కిందికి దిగిన మొదటి ఏడు మా అమ్మ కనిపెట్టిన మడత ఇది. గునుగు పువ్వుకి తెల్ల సిమెంటు సంచి పోగులు. ఆకులకి రేకు ముక్కలు. ఆకు ఈనెలు నొక్కడానికి మేకుకి వేలాడే పెద్ద తాళంచెవి ఉంది, దాని కోసం పిల్లలు రోజూ కొట్టుకుంటారు.

పువ్వు వెనక మసిలో ముంచిన బొటనవేలు ముద్ర వేయాలి. లేకపోతే నా పువ్వు ఏది, నీ పువ్వు ఏది అని ఏడుపులు.

"టీచరమ్మా, పువ్వు వాసనొస్తదా?" అని వెన్నెల అడిగింది. ఐదేళ్ళది. చంద్రుణ్ణే చూడని పిల్లకి ఆ పేరు పెట్టిన తండ్రిని ఏమనాలో నాకు తెలీదు. నేను పువ్వు మీద సబ్బు రుద్ది ఇచ్చాను. "అబ్బ, స్నానం వాసన" అంది.

డబ్బా మూత మీద వరసలు వరసలుగా పేర్చి, పైన సబ్బుతో చేసిన గౌరమ్మను పెట్టి, చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టి ఆడాం. తర్వాత కాలువలో వదిలాం. కాలువ చివర గోడ, గోడ కింద జానెడు తూము. ఏటా బతుకమ్మ ఆ తూము దాకా పోతుంది. మూత అక్కడ తట్టుకుని ఒరిగితే పువ్వులు ఒక్కొక్కటే అవతలికి జారిపోతాయి.

ఈ రోజు అది పోలేదు. కాసేపు అక్కడే తిరిగి మా వైపుకే వచ్చేసింది. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెండో రోజు.

ఓదెలన్నకి చెప్పాను. అతను కాలువలో కర్రముక్క వేసి చూశాడు. కర్ర గోడ వైపు నుంచి మెల్లగా మా వైపు వచ్చింది.

"అవతల నిండింది" అన్నాడు. "ఇంక మన నీళ్ళు అటు పోవు. వాళ్ళ నీళ్ళే ఇటొస్తయి."

వాళ్ళ నీళ్ళు అన్నాడు. ఆ మాట నోరు జారి అన్నదే. గోడ అవతల ఉన్నది రెండో గని. అక్కడ ఎవరూ లేరని పన్నెండేళ్ళుగా మేమందరం చెప్పుకుంటున్నాం.

సరే, ఇదీ రాయాల్సిందే. పన్నెండేళ్ళ కింద నల్లదగ్గు వచ్చింది. వచ్చినవాళ్ళని, వాళ్ళతో పడుకున్నవాళ్ళని, నూట నలభై మందిని రెండో గనిలోకి పంపి, దారులన్నీ గోడలు కట్టేశాం. ఆరో లెవెల్‌లో ఒక్క ఇనుప తలుపు మాత్రం ఉంచి తాళం వేశాం. తగ్గినవాళ్ళని తీసుకొద్దామనుకున్నాం. మూడు రోజులు తలుపు మీద కొట్టారు. నాలుగో రోజు చప్పుడు లేదు. అంతా పోయారని కమిటీ రాసుకుంది. ఎవరూ వెళ్ళి చూడలేదు. నా చెల్లెలు చంద్రి కూడా అందులో ఉంది. ఆమెకి దగ్గు లేదు. ఆమె మొగుడికి ఉంది. గోడకి సిమెంటు కలిపిన చేతుల్లో నావీ ఉన్నాయి.

ఆ తాళంచెవిని ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అపశకునం అన్నారు. బాలవాడిలో మేకుకి తగిలించి పోయారు. పిల్లలు ఆకుల ఈనెలు నొక్కేది దాంతోనే. ఇప్పుడు దాని సంగతి ఎవరికీ గుర్తులేదు.

మూడో రోజు.

పొద్దున రెండో గంట కొట్టాక కాలువ దగ్గరికి వెళ్ళాం. తూము దగ్గర పసుపుపచ్చగా ఏడు తంగేడు పువ్వులు తేలుతున్నాయి.

మొన్నటివేమో అనుకున్నా. పిల్లలు తీసి తిప్పి చూశారు. నాలుగేళ్ళ రాంచందర్ ఎప్పుడూ పెద్దమనిషిలా మాట్లాడతాడు. తన వేలు పువ్వు వెనక ముద్ర మీద పెట్టి, "ఇది మాది కాదు టీచరమ్మా. ఇది ఇంకా చిన్న వేలు" అన్నాడు.

వెన్నెల ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, "సచ్చినోళ్ళు పువ్వులు వాపస్ పంపిన్రు" అంది.

 బతుకమ్మ ఎక్కడికి పోతుందని పిల్లలు అడిగినప్పుడల్లా, గోడ అవతల చచ్చిపోయినవాళ్ళకి పోతుందని చెప్పింది నేనే. వాళ్ళకేం భయం? నేను చెప్పినట్టే జరిగింది కదా.

పువ్వుల్ని గదికి తెచ్చి ఒకటి విప్పాను. పసుపు ప్యాకెట్టే, ఎర్రగీత ఉంది. ఎర్రగీత ప్యాకెట్ల గుట్ట పోయినేడు తెరిచాం, అంతకు ముందు లేవు. అంటే ఇది పోయినేడు మా పిల్లలు చేసి వదిలిన పువ్వే. కానీ మా మడతల్ని ఎవరో గోటితో సాపు చేశారు. పాత గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. సాపు చేసి, మళ్ళీ ఐదు మడతలు పెట్టి, మళ్ళీ మెలి తిప్పారు.

ఎడమవైపుకి.

మా చంద్రిది ఎడంచేతి వాటం. అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా అది ఎడమకే తిప్పేది. "అక్కా, నీ పువ్వు కుడికి చూస్తది, నా పువ్వు ఎడమకు చూస్తది, పక్కపక్కన పెడితే మాట్లాడుకుంటయి" అనేది. నా పిల్లలకి కుడికే నేర్పాను. అంతకు ముందు ఆ మడత తెలిసినవాళ్ళు ఈ లోకంలో ముగ్గురం. అమ్మ పోయింది.

పిల్లల ముందే ఏడ్చాను. వాళ్ళు నాకు సబ్బు పువ్వులు వాసన చూపించారు.

నాలుగో రోజు.

పదకొండు పువ్వులు. వెనక వేలిముద్రలు అన్నీ చిన్నవే. మా పిల్లలకి ఒక్కొక్కటీ చూపించి వేరు చేయించాను. రెండు రోజుల పువ్వుల లెక్క కాదు నాకు కావలసింది, వేళ్ళ లెక్క. ఇప్పటికి తొమ్మిది వేర్వేరు వేళ్ళు.

అన్నీ ఆరేళ్ళ లోపు వేళ్ళు. అంటే గోడ కట్టాక పుట్టినవాళ్ళు. నల్లదగ్గు ఉన్న చోట పిల్లలు పుట్టి పెరగరు.

ఓదెలన్నని పిలిచి బల్ల మీద పరిచి చూపించాను. నిలబడే చూశాడు, కూర్చోలేదు.

"పోయినేటి పువ్వులు తూముల ఇరుక్కున్నయి. ఇప్పుడు నీళ్ళు తిరిగినయి, బయటపడ్డయి. గంతే."

"మడత ఎడమకెందుకు తిరిగిందన్నా?"

"నీళ్ళల్ల నాని తిరిగి ఉంటది."

"వేలిముద్రలు కూడా నాని చిన్నగయినయా?"

"రాజవ్వా, నీ చెల్లె మీద నీకు పావురం, ప్రేమ ఉంది. నాకు లేదనుకున్నవా ఎవ్వరి మీద?" అన్నాడు. అతని పెద్దకొడుకు అటు పోయినవాళ్ళలో ఉన్నాడు. 

వెళ్ళబోతూ అసలు సంగతి చెప్పాడు. నీళ్ళు రోజుకి నాలుగు వేళ్ళ చొప్పున పెరుగుతున్నాయట. ఇలాగే ఉంటే పది రోజుల్లో ఈ బాలవాడీ, ఈ లెవెల్‌లో నలభై ఇళ్ళూ మునుగుతాయి. అందుకని కమిటీ ఆలోచన ఏమిటంటే, తూము సిమెంటుతో మూసేసి, మా నీళ్ళని పంపుతో ఆరో లెవెల్‌కి ఎక్కించి, అక్కడి గొట్టంలోంచి రెండో గనిలోకి వదలడం.

"అవతల మునుగుతది కదా!"

"అవతల ఎవరున్నరు?" అన్నాడు. నా మొహం చూడకుండానే అన్నాడు.

ఐదో రోజు.

పద్నాలుగు పువ్వులు, ఒక రేకు ఆకు. ఆకు మీద ఈనెలు గోటితో గీసినవి. వాళ్ళకి తాళంచెవి లేదు కదా.

ఈ రోజు పిల్లలు వాళ్ళ పువ్వుల్ని మా పువ్వుల పక్కన పేర్చి బతుకమ్మ చేశారు. నేను చెప్పలేదు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు.  ఆ గదిలో ముప్ఫై మంది పిల్లలున్నట్టు, అందులో కొందరు నాకు కనిపించనట్టు అనిపించింది. హాజరు పిలుస్తూ పందొమ్మిది దగ్గర ఆగి, ఇంకా ఎవరో పలుకుతారని చెవి ఒగ్గాను.

ఆరో రోజు. అలక.

ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది. ఆ రోజు చేయరు, ఆడరు, వదలరు. పైన ఉన్నప్పుడూ అంతే, ఇక్కడా అంతే. పిల్లలకి ఈ రోజంటే కోపం. "బతుకమ్మకు కోపమొస్తే మేమెందుకు ఊకె కూసోవాలె?" అని వెన్నెల మూతి ముడుచుకుంది.

కాలువ దగ్గరికి మాత్రం వెళ్ళాం. రెండో గంటకి ఏం లేదు. మూడో గంటకి ఏం లేదు. నీళ్ళు నిన్నటిలాగే మా వైపుకే వస్తున్నాయి. నిన్నటికంటే జోరుగా కూడా వస్తున్నాయి. పువ్వు మాత్రం ఒక్కటీ రాలేదు.

ఓదెలన్నకి కబురు పెట్టాను. వచ్చాడు. ఐదో గంట దాకా నా పక్కన కాలువ గట్టు మీద కూర్చున్నాడు. కర్రముక్క వేశాడు, అది గబగబా వచ్చింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ వచ్చింది.

"ఇరుక్కున్న పువ్వులైతే ఇయ్యాల కూడా రావాలె కదన్నా" అన్నాను. "నీళ్ళకు ఏం తెలుసు ఇయ్యాల అలక అని?"

అతను మూడోసారి కర్రముక్క వేశాడు. చాలాసేపు తూము వైపే చూశాడు. ఆ చీకటి కంతలోంచి ఏమీ రాకపోవడం చూసి ఇద్దరు ముసలివాళ్ళం వణుకుతూ కూర్చున్నాం. అవతల ఎవరో రోజులు లెక్క పెట్టుకుంటున్నారు. మేం పెట్టుకున్నట్టే.

ఏడో రోజు.

ఇరవై ఒక్క పువ్వులు వచ్చాయి. వేళ్ళ లెక్క పదిహేడు.

ఒక పువ్వు కాడకి నల్లదారం చుట్టి ఉంది. మళ్ళీ చూస్తే అన్ని పువ్వులకీ ఉంది. ఇన్నాళ్ళూ మసి అనుకున్నా. అది దారమే, ఒక్కొక్క పోగు. మేం పోయినవాళ్ళ దీపానికి చుట్టే నల్లదారం. ఎందుకు చుట్టారో నాకు అర్థం కాలేదు. 

ఎనిమిదో రోజు.

కమిటీ కూర్చుంది. నేను పువ్వులన్నీ గంపలో పోసుకుని పోయాను. మడత చెప్పాను, ఎర్రగీత చెప్పాను, వేళ్ళు చెప్పాను, అలక రోజు చెప్పాను. అలక మాట వచ్చినప్పుడు ఆడవాళ్ళు నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఉంటే ఉండనీ. దగ్గు కూడా ఉంటది" అన్నారు ఎవరో.

"దగ్గు ఉంటే పన్నెండేళ్ళు ఎట్ల బతుకుతరు? పిల్లలెట్ల పుడతరు?"

"మరి నీళ్ళు ఎక్కడ పోయాలె? నీ నెత్తినా?"

"పైకి తోడుదాం. తొక్కుడు పంపు ఉంది కదా, నేల మీదికి తోడుదాం."

"దాన్ని తొక్కాలంటే ఇంకో వంద మంది కావాలె రాజవ్వా. ఎక్కడున్నరు వంద మంది?"

"గోడ అవతల" అన్నాను.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిట్టలేదు. చేతులెత్తమన్నారు. భయపడ్డ చేతులే ఎక్కువ లేచాయి. నాకు వాళ్ళ మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ పన్నెండేళ్ళ కింద నా చెయ్యి కూడా అలాగే లేచింది. రేపు సద్దుల రోజు, బతుకమ్మ ఆఖరి రోజు. రేపు మధ్యాహ్నం నాలుగో గంటకి తూము మూసి, ఆరో లెవెల్ గొట్టం విప్పుతారు.

ఓదెలన్న చెయ్యి ఎత్తాడో లేదో నేను చూడలేదు. సాయంత్రం గదికొచ్చి బల్ల మీద చిన్న సీసా పెట్టాడు. పంపుకి వేసే నూనె.

"పిల్లల బొమ్మల చక్రాలకు పోసుకో" అని వెళ్ళిపోయాడు. మా గదిలో చక్రాలున్న బొమ్మ ఒక్కటీ లేదు.

సద్దుల రోజు.

పొద్దున తూము దగ్గర ఒక్క పువ్వూ లేదు. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. గదిలో చాపలు తేలుతుంటే పిల్లలు ఆడుకుంటున్నారు.

ఉన్న పువ్వులన్నీ వాడేశాం. మావీ, వాళ్ళవీ. మంచం కోడు అంత ఎత్తు బతుకమ్మ అయింది. నల్లదారాలు విప్పేద్దామంటే రాంచందర్ ఒప్పుకోలేదు. "వాళ్ళవి వాళ్ళకు ఇష్టమొచ్చినట్టు చేసుకున్నరు" అన్నాడు.

పిల్లల్ని వరసలో నిలబెట్టి ఆరో లెవెల్‌కి బయలుదేరాను. నీళ్ళ దగ్గర వదలాల్సిన బతుకమ్మని పైకి ఎందుకు తీసుకుపోతున్నారని దారిలో ఎవరూ అడగలేదు. సద్దుల రోజు పిల్లల్ని ఆపే పాపం ఎవరు మూటగట్టుకుంటారు? రెండో మలుపు దగ్గర ఓదెలన్న మనుషులు గొట్టానికి చీలలు విప్పుతున్నారు. అతను మమ్మల్ని చూసి అటు తిరిగాడు.

తలుపు నేను అనుకున్నంత పెద్దది కాదు. తుప్పు పట్టి గోడ రంగులోకి వచ్చేసింది. బతుకమ్మని దాని ముందు దించాం. పిల్లల్ని ఇరవై అడుగులు వెనక్కి పొమ్మన్నాను. వెన్నెల తప్ప అందరూ పోయారు. అది నా కొంగు పట్టుకుని కదల్లేదు.

తాళంచెవి కంతలో దూరింది కానీ తిరగలేదు. సీసాలో నూనె అంతా పోశాను. నానాలి. అందుకే కూర్చుని ఇది రాస్తున్నా. ఏమన్నా అయితే చదివేవాళ్ళకి తెలియాలి. తలుపు తీసింది రాజవ్వ. పిల్లల తప్పు లేదు, ఓదెలన్న తప్పు లేదు. మూసినప్పుడు ఎవరికీ అడ్డం పడలేదు, తీసేటప్పుడు ఎవర్నీ అడగలేదు. నాకు చాలా భయంగా ఉంది. దగ్గుకి భయం, నీళ్ళకి భయం, చంద్రి నా మొహం చూస్తే ఏమంటుందోనని ఇంకా భయం.

ఊరికే నిలబడలేక పిల్లలు ఆట మొదలుపెట్టారు. చుట్టూ తిరుగుతూ వంగి, లేచి, చప్పట్లు. ఈ సొరంగంలో ఆ చప్పుడు చాలా దూరం పోతుంది.

వాళ్ళు ఆగారు. చప్పట్లు ఆగలేదు.

తలుపు అవతలి నుంచి వస్తున్నాయి. అదే వరస. ఒక దెబ్బ వెనకబడి వస్తున్నాయి. చిన్న చేతులు, చాలా చేతులు. ఇంత పైకి ఎక్కేశారన్నమాట. కిందంతా మా నీళ్ళే. ఏటా మా నీళ్ళు వదిలాం వాళ్ళ మీద, పువ్వులతో సహా.

మా పిల్లలు మళ్ళీ కొట్టారు. అవతల చప్పున నిశ్శబ్దం. అడుగుల చప్పుడు వెనక్కి పరిగెత్తింది. ఒక్క జత అడుగులు మాత్రం పోలేదు. ఇనుముకి చెవి ఆనించిన ఒరిపిడి నాకు వినిపించింది. నేనూ ఆనించాను. మా ఇద్దరి మధ్య వేలెడు మందం రేకు.

వెన్నెలంత పిల్ల గొంతు. భయంతో వణుకుతోంది.

"చంద్రమ్మా! సచ్చినోళ్ళు సప్పట్లు కొడుతున్నరు!"

నల్లదారం ఎవరి కోసమో ఇప్పుడు అర్థమైంది.

తాళం దగ్గర నూనె కిందికి కారుతోంది. వెన్నెల నా చేతి మీద తన చెయ్యి వేసింది. తిప్పుతున్నాను.